పదమూడున్నర గంటల సహవాసం

తెలుగువారి జీవితంలో సైకిలుకు లభించినంత గౌరవమూ, లభించినంత అగౌరవమూ మరొక వాహనానికి లభించలేదు. ఊరి బడిపంతులుగారు, తపాలా బంట్రోతు, పాలవాడు, పట్టణానికి పోయి చదువుకొనే పల్లెటూరి విద్యార్థి – వీరందరి బ్రతుకులను రెండు తరాలపాటు ఆ రెండు చక్రాలే మోసినవి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే దానిని పెరటి గోడకు ఆనించి, మోటారు వాహనం ఎక్కడమే అభ్యుదయమని మనం తలచుకొన్నాము. క్రమంగా సైకిలు తొక్కడం లేమికి గుర్తుగా మారినది. అవసరం లేని వేళ, కేవలం ఆనందం కోసం, నూరు కోసుల దూరం దాని మీద పోవచ్చునని చెప్పినవాని మాట మన పెద్దలు నమ్మి ఉండరు.

ఇప్పుడు కాలం కొంత మారినది. ఆదివారం తెల్లవారుజామున విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు వంటి నగరాల వెలుపల, వెనుక ఎర్రదీపాలు మినుకుమినుకుమంటుండగా వరుసగా సాగిపోయే సైకిలు బృందాలు కనిపిస్తున్నవి. వారిలో పందెపు రౌతులు అరుదు. గుమాస్తాలు, వైద్యులు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు, విద్యార్థులు – అందరూ వేరు వేరు వృత్తులలోనివారే. బహుమతి లేదు, వార్తాపత్రికలో బొమ్మ లేదు. అయినా రోజంతా తొక్కుతారు. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది, ఒక శాస్త్రం ఉన్నది, ఒక ధర్మసందేహం కూడా ఉన్నది. ఆ మూడింటిని గురించి, ఏబదిమూడవ ఏట ఈ విద్యలో ఓనమాలు దిద్దుకొన్నవానిగా నాకు తెలిసినంత వరకు విన్నవించుకొంటాను.

సైకిలు పుట్టుక మరీ ప్రాచీనం కాదు. జర్మనీ దేశంలోని మన్‌హైం నగరంలో కార్ల్ డ్రయిస్ అనే ఆయన 1817లో రెండు కొయ్యచక్రాల బండిని చేసి, నేలను కాళ్ళతో తన్నుకొంటూ నడిపాడు. 1860లలో ఫ్రాన్సులో ముందుచక్రానికి పెడళ్ళు అమరినవి. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో రెండు ఇంచుమించు సమానమైన చక్రాలతో, వెనుకచక్రాన్ని చైనుతో తిప్పే ‘రోవర్’ సైకిలును తయారుచేశాడు. నేడు మనం చూసే సైకిలు రూపం అదే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చినది. అంతవరకు ఎముకలను కుదిపివేసిన యంత్రం ఒక్కసారిగా దూరప్రయాణానికి పనికివచ్చేదయినది.

మరి మూడేండ్లకే, అనగా 1891లో, పారిస్ నుండి పశ్చిమ సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్ పట్టణానికి పోయి తిరిగి రావలెనని ఒక పత్రికవారు పందెం పెట్టారు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. షార్ల్ టెరాఁ అనే రౌతు దానిని 71 గంటల 22 నిమిషాలలో ముగించి గెలిచాడు. ఆ పందెం పందెంగా అంతరించినది గాని, పోటీ లేని దీర్ఘయాత్రగా బ్రతికినది. నేటికీ నాలుగేండ్లకొకసారి జరుగుతున్నది. తొంబది గంటలలోపు ముగించిన ప్రతివారూ కృతార్థులే. 2023 ఆగస్టులో జరిగిన యాత్రలో మన దేశీయులు కూడా పాల్గొన్నారు.

ఇటలీలో మరొక ముచ్చట జరిగినది. 1897లో కొందరు మిత్రులు రోము నుండి నేపుల్సు వరకు గల 230 కిలోమీటర్లను సూర్యోదయం మొదలు సూర్యాస్తమయం లోపల తొక్కగలిగారు. లాటిను భాషలో ధైర్యశాలి అని అర్థం వచ్చే ‘ఆడాక్స్’ అనే పేరు అటువంటి రౌతులకు స్థిరపడినది. ఫ్రాన్సు దేశపు మహాపందెమైన టూర్ ద ఫ్రాన్సును 1903లో నెలకొల్పిన ఆఁరి దెగ్రాంజ్, 1904లో ఈ ఆడాక్స్ యాత్రలకు తన దేశంలో నియమావళిని ఏర్పరిచాడు. ఆ నియమావళిలో ముఖ్యమైన సూత్రం ఒకటి: అందరూ ఒక నాయకుని వెంట, ఒకే వేగంతో, గుంపుగా పోవలెను. ముందుకు ఉరకరాదు, వెనుకబడరాదు. మన పూర్వులు బిడారును సార్థమనీ, దానిని నడిపేవానిని సార్థవాహుడనీ అన్నారు. ఆ సార్థవాహుని పదవినే దెగ్రాంజ్ సైకిలు మీద ఎక్కించాడని చెప్పవచ్చును.

అయితే 1921 నాటికి ఈ సూత్రంపై భేదాభిప్రాయాలు తలెత్తినవి. పారిస్ ఆడాక్స్ సంఘం అదే యేడు మరొక పద్ధతిని ప్రవేశపెట్టినది. ఇందులో నాయకుడు లేడు. ఎవరి వేగం వారిదే. నిర్ణీత కాలంలోపు గమ్యం చేరితే చాలును. దారిలోని మజిలీలలో కార్డుపై ముద్ర వేయించుకోవలెను. ఈ పద్ధతి రౌతులను ఫ్రెంచివారు ‘రాందొన్యూర్’ అన్నారు. నేడు లోకమంతటా వ్యాపించినది ప్రధానంగా ఇదే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరువది, 400కు ఇరువదియేడు, 600కు నలువది గంటలు గడువు. ఒకే ఋతువులో ఈ నాలుగింటినీ ముగించినవారికి ప్రత్యేకమైన గుర్తింపు ఉన్నది. ముందు వచ్చినవానికి, గడువుకు ఒక నిమిషం ముందు వచ్చినవానికి తేడా లేదు. మొదటివాడు, కడపటివాడు అనే లెక్కే ఉండదు.

వినడానికి ఇది చిన్న భేదంగా తోచవచ్చును. కాని ఆలోచిస్తే ఇది మన తరగతి గదిలోనూ, మన సంఘంలోనూ నిత్యం ఎదురయ్యే ప్రశ్నయే. అందరినీ కలుపుకొని ఒకే నడకను నడవడమా? ఎవరి శక్తికొద్దీ వారిని పోనివ్వడమా? మొదటి పద్ధతిలో బలవంతునికి సంకెల. రెండవ దానిలో బలహీనునికి ఏకాంతం.

సాధన

నాకు ఈ విద్య నేర్పిన గురువు ఒకప్పటి నా విద్యార్థి. ఇప్పుడతడు బ్యాంకు ఉద్యోగి. “మాస్టారూ, మీరు మాకు ఛందస్సు నేర్పినప్పుడు మొదటి దినమే సీసపద్యం వ్రాయమన్నారా? గురులఘువులు గుర్తించమన్నారు. ఇదీ అంతే,” అని మొదలుపెట్టాడు. వయసు ఏబది దాటినవారు ముందుగా వైద్యుని దర్శించి గుండె, రక్తపోటు, రక్తంలోని చక్కెర పరీక్ష చేయించుకోవలెననేది అతడు విధించిన తొలి నియమం. రెండవది శిరస్త్రాణం. అది లేనిదే వీథి చివరి దాకా కూడా పోనివ్వలేదు.

తరువాత సీటు ఎత్తు. మనలో పలువురు నేలకు రెండు పాదాలూ ఆనేటంతటి తక్కువ ఎత్తున కూర్చొని తొక్కుతాము. మోకాళ్ళ నొప్పికి అదే మూలం. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమను దానిపై ఉంచితే కాలు తిన్నగా సాగవలెను. మునివేళ్ళ వెనుకటి కండను పెడలుపై పెట్టి తొక్కేటప్పుడు మోకాలు స్వల్పంగా వంగి ఉండవలెను. గేర్ల సైకిలులో బరువైన గేరు వేసి కండలతో పోరాడరాదు. తేలికైన గేరులో నిమిషానికి ఎనుబది, తొంబది చుట్ల లెక్కన కాళ్ళు ఆడించవలెను. మొదటి వారం ఇది హాస్యాస్పదంగా తోచినది. నెల గడిచేసరికి మోకాళ్ళు దాని మర్మం గ్రహించినవి.

అక్టోబరులో మొదలుపెట్టి ఫిబ్రవరి వరకు నాలుగు నెలల ప్రణాళిక. వారానికి మూడు దినాలు కళాశాలకు ముందు గంటసేపు, ఆదివారం దీర్ఘయాత్ర. దీర్ఘయాత్ర దూరాన్ని వారం వారం పదింట ఒక వంతు కంటె మించి పెంచరాదు. ప్రతి నాలుగవ వారం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వవలెను. బలం తొక్కేటప్పుడు రాదు, తొక్కిన తరువాత నిద్రలో వస్తుందనే మాటను నేను విద్యార్థులకు పరీక్షల ముందు కూడా చెప్పదలచుకొన్నాను. మొదట కొండపల్లి దాకా. పిదప కృష్ణ దాటి అమరావతికి పోయి రావడం, అది సుమారు డెబ్బది కిలోమీటర్లు. జనవరి చివర నందిగామకు పోయి రావడం, అది నూరు. నూరు తొక్కగలిగినవాడు ఇన్నూరు తొక్కగలడని నా గురువు లెక్క. ఆ లెక్కలోని రెండవ నూరు ఎట్లా వస్తుందని అడిగితే, “అది కాళ్ళతో కాదు మాస్టారూ, కడుపుతో,” అన్నాడు.

ఆ మాట అక్షరసత్యం. మన కండరాలలోనూ కాలేయంలోనూ నిలువ ఉండే పిండిపదార్థపు శక్తి సుమారు రెండువేల కాలరీలకు మించదు. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటలలో అది అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు ఉన్నట్టుండి సీసపు దిమ్మెలవుతవి. కన్నులు చీకట్లు క్రమ్ముతవి. అకారణంగా దుఃఖం కూడా వస్తుంది. ఆకలి వేయక ముందే తినడం, దప్పిక కాక ముందే త్రాగడం ఇందులో పరమ సూత్రం. గంటకు ముప్పది మొదలు అరువది గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవలెను. ఒక అరటిపండులో ఇంచుమించు ఇరువదియైదు గ్రాములుంటుంది. వేరుశనగ ఉండలు, ఇడ్లీ, ఉప్పు వేసిన మజ్జిగ – ఇంతకు మించిన మృష్టాన్నం దారిలో అక్కరలేదు. చెమటతో పోయిన ఉప్పును తిరిగి పుచ్చుకొనక వట్టి నీరే కడివెడు త్రాగడం కూడా ప్రమాదమే.

గాలి శాస్త్రం

సమతలంలో సైకిలు రౌతుకు అసలు శత్రువు దూరం కాదు, గాలి. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దానిని ఎదిరించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టే రౌతులు ఒకరి వెనుక ఒకరు, చక్రానికి చక్రం దగ్గరగా పోతారు. ముందువాడు గాలిని చీలుస్తాడు. వెనుకవాడు ఆ చీలికలో సాగుతాడు. వేగాన్ని బట్టి వెనుకవానికి నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు శ్రమ తగ్గుతుంది. ఇందులో ఒక వింత కూడా ఉన్నది. వెనుక మనిషి ఉండడం వల్ల ముందున్నవానికి సైతం స్వల్పమైన మేలు కలుగుతుంది. అతని వీపు వెనుక సుడి తిరిగి వెనుకకు లాగే గాలి కొంత శమిస్తుంది. ఉపకారం చేసినవానికి ప్రకృతి చెల్లించే వడ్డీ అది. అల్పమే గాని, లేకపోలేదు.

అయితే ఈ వరుసలో పోవడానికి నమ్మకం కావలెను. ముందువాని చక్రానికి మూరెడు దూరంలో ఉన్నవానికి గుంత కనిపించదు. అందుచేత ముందువాడు చేతితో సైగ చేసి గుంతను, గాజుపెంకును, ఇసుకను చూపవలెను. ఆగేటప్పుడు కేక వేయవలెను. హఠాత్తుగా బ్రేకు పట్టరాదు. ఒకడు తప్పు చేస్తే నలుగురు పడతారు. గుంపులో పోవడం కూడా సాధన చేయవలసిన విద్యయే. మేము దానికి రెండు ఆదివారాలు ప్రత్యేకంగా కేటాయించాము.

ఆ దినం

ఫిబ్రవరి చివరి ఆదివారం ఉదయం ఐదు గంటలకు బెంజి సర్కిలు వద్ద పన్నెండుగురం కూడాము. పదమూడున్నర గంటలు, అనగా సాయంత్రం ఆరున్నర వరకు గడువు. జాతీయ రహదారి వెంట గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు, భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెం సమీపాన నూరవ కిలోమీటరు దాకా పోయి, అదే దారిని తిరిగి రావలెను. మాలో ఒక రైల్వే ఉద్యోగి, ఒక డ్రిల్లు మాస్టరు, ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు, ఒక మందుల దుకాణదారు, అరువదియొక్క యేండ్ల విశ్రాంత తపాలా ఉద్యోగి ఉన్నారు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఒక ఉపాధ్యాయిని కూడా ఉన్నారు. నాకు వలెనే ఆమెకూ ఇదే మొదటి దీర్ఘయాత్ర. నా పూర్వ విద్యార్థియే నాయకుడు. గడువు నియమం రాందొన్యూర్లది. చీకటిలో మాత్రం ఆడాక్స్ పద్ధతిలో జట్టుగానే పోవలెనని అతని ఏర్పాటు.

ఎనిమిది గంటలకు ఏలూరు చేరాము. కృష్ణ నుండి వచ్చే కాలువ, గోదావరి నుండి వచ్చే కాలువ ఈ ఊరిలోనే కలుసుకొంటవి. రెండు నదుల నీటిని ఒక్క పూటలో సొంత కాళ్ళతో చేరుకొన్నామన్న తృప్తితో ఇడ్లీలు మరి రెండు ఎక్కువ దిగినవి. ఆపైన దాళ్వా వరిచేల పచ్చదనం, కొబ్బరితోటల నీడ, చేపల లారీల వాసన. పదకొండు కావడానికి పావుగంట ముందు నూరవ కిలోమీటరు వద్ద కార్డులపై సంతకాలయినవి. అంతవరకు అది విహారయాత్రయే.

మధ్యాహ్నం యాత్ర స్వభావం మారినది. ఒకరి టైరు పంక్చరయి ఇరువది నిమిషాలు పోయినవి. ఎండ ముదిరినది. దక్షిణపు గాలి లేచినది. మలయమారుతాన్ని మన కవులు వేనోళ్ళ పొగడారు. పూదోటలో కూర్చున్నవానికి అది చల్లనిదే. నైరుతి దిక్కుగా సైకిలు త్రిప్పినవానికి అది ఛాతీపై అరచేయి పెట్టి వెనుకకు నెట్టే మనిషి. భీమడోలు వద్ద తపాలా ఉద్యోగిగారు దిగి ఒక చెట్టు క్రింద కూర్చున్నారు. మోకాలు వాచినది. “నా మజిలీ ఇదే. నా కోసం ఆగితే మీ అందరి గడువూ పోతుంది. బస్సు ఉన్నది, నేనున్నాను,” అని నవ్వుతూ చెప్పారు. బస్సు మీదికి సైకిలెక్కించి, ఆయనను కూర్చోబెట్టి మేము కదిలాము. ఎవరమూ పెద్దగా మాట్లాడుకొనలేదు.

ఏలూరులో భోజనం చేసి మూడు గంటలకు బయలుదేరిన పిదప ఎవరి వేగాన వారు విడిపోయారు. నియమం ప్రకారం అందులో దోషం లేదు. నేను డ్రిల్లు మాస్టరుగారి వెనుక చేరి నాలుగు కావడానికి ఐదు నిమిషాల ముందే హనుమాన్ జంక్షన్ చేరాను. గణితం ఉపాధ్యాయిని నాయకునితో కలిసి వచ్చేసరికి నాలుగుంబావు అయినది. ఆమె ముఖం పాలిపోయి ఉన్నది. సైకిలు దిగి అరుగు మీద కూర్చొని, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకొని, త్రాగకుండానే లెక్క చెప్పారు.

“ఇంకా నలుబది కిలోమీటర్లు. నాలుగూ ఇరువదియైదుకు కదిలితే రెండు గంటల ఐదు నిమిషాలు. గంటకు పందొమ్మిది పైగా రావలెను. ఏలూరు నుండి నేను వచ్చినది పదహారు. ఈ గాలికి ఇక పదిహేను కూడా రాదు. లెక్క కుదరదు. మీరు వెళ్ళండి సార్. నేను మెల్లగా వస్తాను.”

ఆమె గొంతులో జాలి కోరే జీర లేదు. నల్లబల్ల మీద ఫలితం వ్రాసి సుద్దముక్క క్రింద పెట్టినట్లు చెప్పారు. అందుకే ఆ మాట మమ్మల్ని కలచివేసినది. ఆమెతో ఆగితే తక్కిన పదిమందికీ గడువు తప్పవచ్చును. నాలుగు నెలల తెల్లవారుజాములు అందరికీ ఉన్నవి. రైల్వే ఉద్యోగికి రాత్రి విధి ఉన్నది. అతడూ, ఒక విద్యార్థీ సెలవు తీసుకొని సాగిపోయారు. వారినెవరూ తప్పుపట్టలేదు, తప్పుపట్టడానికి న్యాయమూ లేదు.

నాయకుడు తాపీగా అన్నాడు: “మేడం, ఆ లెక్క మీరు ఒంటరిగా వేశారు. తొమ్మిదిమందితో వేసి చూడండి.”

ఆమె ఒక క్షణం ఆలోచించారు. “గాలి ఎంత తగ్గుతుంది?” అని అడిగారు. అతడు చెప్పాడు. ఆమె మజ్జిగ త్రాగారు.

ఎనిమిదిమందిమి వంతులు వేసుకొన్నాము. ఒక్కొక్కరు రెండు కిలోమీటర్లు ముందు నిలిచి గాలి కాయవలెను. పిదప ప్రక్కకు తొలగి వరుస చివరకు చేరవలెను. ఆమె ఎప్పుడూ ముందుకు రారాదు. మూడవ స్థానం విడువరాదు. వేగం పందొమ్మిదికి తగ్గరాదు, ఇరువదిని దాటరాదు. ఇది తొక్కేవారికంటె ముందున్నవానికి కష్టం. తన బలం కొద్దీ కాక, మూడవ మనిషి బలం కొద్దీ పోవలెను గదా! ఇంజనీరింగు విద్యార్థి తన వంతు రాగానే ఉత్సాహంతో వేగం పెంచాడు. “నాయనా, నీ కోసం కాదు,” అని వెనుక నుండి కేక వేశాను. అతడు తగ్గించాడు. ఆ తరువాత అతనంత సమంగా నడిపినవారు మాలో లేరు.

నా మొదటి వంతులో గాలి ఛాతీకి తగిలినప్పుడు, అంతవరకు ఎదుటివారి వీపు నాకెంత మేలు చేసినదో తెలిసివచ్చినది. నా వంతు ముగిసి వరుస చివరకు చేరగానే హోరు ఆగి నిశ్శబ్దం ఏర్పడినది. ఆ నిశ్శబ్దంలో ముందున్న ఎనిమిది చైనుల మెత్తని చప్పుడు వినిపించేది. ఐదూ ఇరువదియేడుకు గన్నవరం దాటాము. ఇరువది కిలోమీటర్లు, అరువదిరెండు నిమిషాలు. ఉపాధ్యాయిని తల ఎత్తకుండానే, “కుదురుతున్నది,” అన్నారు. పొద్దు వాలేకొద్దీ గాలి కొంత శాంతించినది. నగరపు రద్దీలో రెండు చోట్ల కాలు క్రింద పెట్టవలసి వచ్చినా, ఆరు గంటల ఇరువదియారు నిమిషాలకు తొమ్మిదిమందిమీ బెంజి సర్కిలు చేరాము. గడువుకు నాలుగు నిమిషాలు మిగిలినవి.

మిగిలిన లెక్క

ఈ కథను సంఘీభావపు విజయంగా చెప్పి ముగించడం సులభం. కాని భీమడోలు చెట్టు నీడ నా మనస్సు నుండి తొలగిపోలేదు. గాలిని పంచుకొనవచ్చును, మోకాలిని పంచుకొనలేము. జట్టు కొందరిని మోయగలదు, అందరినీ మోయలేదు. ఎవరిని మోయగలమో, ఎవరిని గౌరవంతో బస్సెక్కించవలెనో తెలుసుకొనడమే నాయకత్వం కాబోలు. తరగతిలో ఉపాధ్యాయుడు చేసేదీ ఇదే గదా! తపాలా ఉద్యోగిగారు మోకాలికి చికిత్స చేయించుకొని, వేసవి రాకముందే మాతో కొండపల్లి దాకా వచ్చారు. “నా సార్థం ఇంత చాలు,” అన్నారు. నలుబది కిలోమీటర్ల ఆ యాత్రలో ముందు నడిచినది ఆయనే.

దెగ్రాంజ్ సూత్రమా, 1921 నాటి సూత్రమా అన్న ప్రశ్నకు నాకు ఆ దినం దొరికిన సమాధానం రెండూ అవసరమేనని. స్వేచ్ఛ లేనిచో రైల్వే ఉద్యోగి తన విధికి ఆలస్యమయ్యేవాడు. కట్టుబాటు లేనిచో ఉపాధ్యాయిని చీకటిలో ఒంటరిగా వచ్చేవారు. బలవంతంగా కట్టిన వరుస కాదు అది. వెళ్ళిపోవడానికి హక్కు ఉన్నవారు ఉండిపోవడం వల్ల ఏర్పడినది.

ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు ఒక్క మనవి. సైకిలును పేదరికపు చిహ్నంగా పిల్లలకు చూపవద్దు. 1990ల ప్రారంభంలో తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. అక్షరం వలెనే అదీ వారికి స్వేచ్ఛ నిచ్చినది. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చే పథకం ప్రవేశపెట్టినది. దూరపు గ్రామాల బాలికలు చదువు మానకుండా నిలవడానికి అది తోడ్పడినది. మన విద్యార్థులకు ఇన్నూరు కిలోమీటర్లు అక్కరలేదు. సీటు ఎత్తు సరిచూడడం, ట్యూబుకు అతుకు వేయడం, చేతిసైగలు చేయడం, వరుసలో తోటివాని నడకను గమనించడం – ఈ నాలుగు నేర్పితే చాలును.

ఆ గణితం ఉపాధ్యాయిని మరునాడు ఎనిమిదవ తరగతిలో ఒక లెక్క ఇచ్చారట: నలుబది కిలోమీటర్లు, నూట ఇరువదియైదు నిమిషాలు, గంటకు వేగమెంత? పిల్లలు పందొమ్మిది దశాంశం రెండు అని సరిగానే చెప్పారు. అప్పుడామె ఆ లెక్క ఎక్కడిదో చెప్పారు. బడి విడిచిన తరువాత ముగ్గురు బాలికలు ఆమె వద్దకు వచ్చి, తమ ఊళ్ళో సైకిలు నేర్పేవారెవరూ లేరనీ, ఆదివారం ఆమె తీరికగా ఉంటారా అనీ అడిగారు.